నోటి మాట - చేతి మాట: మన గ్రామములలోని భాషలు

గోపాలపట్నము ఒకప్పుడు సింహాచలము కొండ చెంతనున్న గ్రామము. నేడది మహా విశాఖ నగరములో ఒక భాగము. సింహాచలం రైల్వేస్టేషను ఉన్నది ఇచ్చటనే. ఒకనాటి ఉదయము మేము ఆ స్టేషనులో బండికొరకు వేచియుంటిమి. కూరగాయల గంపలు దించుకొనుచు ఇద్దరు స్త్రీలు "ఏటి వదినా, ఇంత ఆలీసమైపోనాది?" అని ఉత్తరాంధ్రపు పలుకుబడిలో పలుకరించుకొనుచుండిరి. రైల్వే ఉద్యోగులు కొందరు హిందీలోను, అప్పన్న దర్శనమునకు వచ్చిన యాత్రికులు ఒరియాలోను, పనికి పోవుచున్న కూలీలు బెంగాలీలోను మాటలాడుకొనుచుండిరి. ఓడరేవు, నౌకానిర్మాణశాల, ఉక్కు కర్మాగారము వెలసిన తావునకు దేశపు నలుమూలలనుండి జనులు వచ్చుట, వారితో వారి భాషలును వచ్చుట సహజమే కదా.

బల్ల చివర ఇద్దరు యువకులు కూర్చుండి యుండిరి. వారినుండి శబ్దమేదియు వెలువడుట లేదు. చేతులు వేగముగా కదలుచున్నవి. కనుబొమలు లేచుచు పడుచున్నవి. నడుమ నడుమ ఇద్దరును నవ్వుచున్నారు. మా ప్రక్కనున్న పెద్దమనిషి వారిని చూచి, "పాపము, మాటలు రానివారు" అని జాలిపడెను. ఆయన మంచి మనస్సుతోనే అన్నాడు గాని ఆ మాట సరియైనది కాదు. వారికి మాటలు వచ్చును. ఆ మాటలు మనకు రావు.

పంచాయతీ సభ్యులు ఈ విషయము తెలిసికొనవలసిన అవసరమేమని కొందరడుగవచ్చును. గ్రామసభ జరుగునది మాటతో. పింఛను, రేషను, వైద్యము, చదువు, తుపాను హెచ్చరిక — ఇవన్నియు ప్రజలకు చేరునది మాటతోనే. మాట చేరని ఇంటికి పథకము చేరదు. కావున మన ఊరిలో ఎవరు ఏ భాష మాటలాడుదురో తెలియుట పాలనలో మొదటి పని.

లెక్కలలో మన భాషలు

2011 జనాభా లెక్కలలో "మీ మాతృభాష యేది?" అను ప్రశ్నకు దేశప్రజలు చెప్పిన పేర్లు 19,569. ఒకే భాషకు గల వేర్వేరు పేర్లను, ఊరి పేర్లను, కులము పేర్లను పరిశీలించి సవరించిన పిదప నిలిచినవి 1,369 మాతృభాషలు. వీనిని మరల దగ్గర సంబంధమునుబట్టి కూర్చి, పదివేలమందికి తక్కువ కాకుండ మాటలాడు భాషలను లెక్కించగా 121 తేలినవి. వీనిలో 22 భాషలు రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చేరినవి. మిగిలిన 99 చేరనివి. రాజ్యాంగము అమలులోనికి వచ్చిననాడు ఆ షెడ్యూలులో నున్నవి 14 మాత్రమే. 1967లో సింధీ, 1992లో కొంకణి, మణిపురి, నేపాలీ, 2003లో బోడో, డోగ్రీ, మైథిలీ, సంతాలీ చేరినవి.

మన తెలుగును మాతృభాషగా చెప్పినవారు 8 కోట్ల 11 లక్షలు. హిందీ, బెంగాలీ, మరాఠీల తరువాత తెలుగు నాలుగవది.

ఈ అంకెలు చదువునపుడు ఒక సంగతి మరువరాదు. భాషల లెక్క ధాన్యపు బస్తాల లెక్కవంటిది కాదు. హిందీ అను ఒక్క శీర్షిక క్రింద భోజ్‌పురి, రాజస్థానీ, ఛత్తీస్‌గఢీ మొదలుగా ఏబదికి పైగా మాతృభాషలు చేర్చబడినవి. పదివేలకు తక్కువమంది మాటలాడు భాష యేదియు ప్రత్యేకముగా పట్టికకు ఎక్కదు. 2010లో ఆరంభమైన భారత ప్రజాభాషా సర్వేక్షణమువారు వేరొక పద్ధతిని అనుసరించి 780 భాషలను గుర్తించిరి. గ్రియర్సన్ దొర 1894 మొదలు 1928 వరకు నడపిన సుప్రసిద్ధ సర్వేక్షణములో 179 భాషలు, 544 మాండలికములు నమోదైనవి. కాని ఆ సర్వేక్షణము నాటి మద్రాసు రాష్ట్రమునందు జరుగలేదు. అనగా విశాఖపట్నం మన్యమున ఆ సర్వేక్షణము నడువలేదు.

మరి భాషకును మాండలికమునకును భేదమేమి? ఉత్తరాంధ్రలో "ఏటి" అన్నను, కృష్ణా తీరమున "ఏమిటి" అన్నను, తెలంగాణమున "ఏంది" అన్నను ఒకరి మాట మరొకరికి బోధపడుచున్నది. ఇవి ఒకే భాషయొక్క పలుకుబళ్లు. కాని సవర మాటలాడునపుడు తెలుగువానికి ఒక్క ముక్కయు తెలియదు. అది తెలుగునకు మాండలికము కాదు, వేరొక భాష. గిరిజనుల భాషలను "యాస" అనియు, "లిపి లేనిది కనుక భాష కాదు" అనియు అనుట పొరపాటు. లిపి భాషకు తొడుగు చొక్కా వంటిది. చొక్కా లేనంతమాత్రమున మనిషి మనిషి కాకపోడు.

రైలుదారి వెంట

గోపాలపట్నమునుండి బండి పెందుర్తి మీదుగా కొత్తవలస చేరును. అచ్చటినుండి కొండలలోనికి చీలిపోవు కిరండూల్ మార్గము, ఇనుప ఖనిజమును ఓడరేవునకు చేర్చుటకై 1960ల దశకమున నిర్మింపబడినది. ఆ మార్గము ఖనిజమునకే గాక భాషలకును దారి. శృంగవరపుకోట దాటువరకు వినబడునది తెలుగు. బొర్రా దాటి అరకు లోయలోనికి పోగా కొండదొరల కొండ భాష, కోదుల కువి భాష, గదబల భాష, ఆదివాసీ ఒరియా వినవచ్చును. అరకు సంతలో వేర్వేరు తెగలవారు బేరములాడుకొనుటకు ఈ ఆదివాసీ ఒరియాయే ఉమ్మడి సాధనము. మరికొంత దూరము పోయిన ఒడిశాలోని కోరాపుట్. ఆపైన ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ ప్రాంతమున హల్బీ, భత్రీ, ధుర్వా. కిరండూల్ చేరుసరికి గోండీ. ఒక్క రైలుదారి వెంట మూడు భాషాకుటుంబములు గలవు. తెలుగు, కొండ, కువి, ధుర్వా, గోండీ ద్రావిడ కుటుంబమునకు చెందినవి. ఒరియా, హల్బీ, భత్రీ ఆర్యకుటుంబమునకు చెందినవి. శ్రీకాకుళపు కొండలలోని సవరయు, అరకు వైపు గల గుతోబు గదబయు ముండా శాఖవి. వీనికి ఉత్తరమున సంతాలీ దగ్గరి బంధువు. సముద్రముల కావల కంబోడియా, వియత్నాం దేశముల భాషలు దూరపు బంధువులు.

నీటికి గల మాటలను చూచిన ఈ బంధుత్వము సులువుగా తెలియును. కొండ భాషలో నీటిని "ఏరు" అందురు, గోండీలో "ఏర్". మనకు ఏరనగా ప్రవహించు నీరు. వారికి కుండలోని నీరును ఏరే. మాట ఒక్కటే, అర్థము కొంచెము జరిగినది. ఒకే ఇంటి బిడ్డలు వేరు కాపురములు పెట్టుకొన్నట్లున్నది.

గదబల సంగతి మరింత విచిత్రము. గదబలు అను ఒక్క పేరుతో వ్యవహరింపబడు జనులలో రెండు భాషలున్నవి. సాలూరు ప్రాంతపు గదబలు మాటలాడునది ద్రావిడ భాష; అందు నీటిని "నీర్" అందురు. అరకు వైపున, కోరాపుట్ జిల్లాలోను గల గుతోబు గదబలది ముండా భాష. అందలి మాటకు మన నీటితో ఏ సంబంధమును లేదు. 2011 లెక్కలలో ఈ రెండును "గదబ" అను ఒకే పేరు క్రింద సుమారు 41 వేలుగా చూపబడినవి. తెగ పేరు చూచి భాషను ఊహించిన యెడల జరుగు పొరపాటు ఇట్టిది.

గిడుగువారు చూపిన త్రోవ

ఈ భాషలను నేర్చుకొనదగినవిగా మొదట తలచిన తెలుగువారిలో గిడుగు వేంకట రామమూర్తిగారు ముఖ్యులు. శ్రీముఖలింగము సమీపమున 1863లో జన్మించి పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన ఆయన, వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా అందరికిని తెలియును. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని మనము తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. కాని సవర భాషకై ఆయన దశాబ్దముల తరబడి పాటుపడిన సంగతి అంతగా ప్రచారములో లేదు. సవరలతో కలసి మెలసి వారి భాషను నేర్చి, వారి పిల్లలకు బడులు పెట్టించి, 1931లో సవర భాషా వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి. 1936లో మంగెయి గొమాంగో సవరకు సోరా సొంపెంగ్ అను ప్రత్యేక లిపిని కల్పించెను. పిమ్మట భద్రిరాజు కృష్ణమూర్తిగారు అరకు ప్రాంతమున పరిశోధించి కొండ భాషను గూర్చిన సమగ్ర గ్రంథమును 1969లో ప్రకటించిరి.

పండితుల సంగతి అట్లుండ, మా సొంత అనుభవమొకటి చెప్పక తప్పదు. ఉద్యోగములో చేరిన తొలి దినములలో మేము అరకు దాపున ఒక కొండ గ్రామమునకు పోయి, దోమతెరల వాడుకను గురించి మంచి తెలుగులో అరగంటసేపు ఉపన్యసించితిమి. అందరును శ్రద్ధగా వినిరి. ముగిసిన పిదప ఒక వృద్ధురాలు తన మనుమనితో ఏదో అడిగెను. అతడు తటపటాయించి, "తమరు ఓట్లడగడానికొచ్చారా అని అడుగుతోందండీ" అనెను. తప్పు ఆమెది కాదు. ఆ మనుమనినే ముందుగా ప్రక్కన నిలుపుకొని యుండిన యెడల అరగంట పని పది నిముషములలో ముగిసి యుండెడిది. ఆ సాయంత్రమే తెరలు కట్టబడి యుండెడివి.

బడిలో బిడ్డ భాష

పెద్దలకే ఇట్లుండగా ఆరేండ్ల బిడ్డ మాటేమి? ఇంట కువి మాటలాడు బిడ్డ బడిలో అడుగిడిన దినమున, అక్షరమును, అంకెను, తెలియని భాషను ఒక్కసారిగా నేర్వవలసి వచ్చును. "అ అంటే అమ్మ" అని చెప్పిన, ఆ బిడ్డ తల్లిని పిలుచు మాట అది కాకపోవచ్చును. కొన్నాళ్లకు బిడ్డ బడి మానును. మందబుద్ధి యని మనము పేరు పెట్టుదుము.

దీనిని నివారించుటకే 1956లో రాజ్యాంగములో 350-ఎ అధికరణము చేర్చబడినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగు సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని అది రాష్ట్రములను, స్థానిక సంస్థలను ఆదేశించుచున్నది. స్థానిక సంస్థలనగా పంచాయతీలును చేరినవని గమనింపుడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతమున సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా, కోయ, గోండీ, కొలామీ, బంజారా అను ఎనిమిది భాషలలో వాచకములు తెలుగు లిపిలో సిద్ధపరచి బోధన ఆరంభించిరి. పద్ధతి సులభమైనది: మొదటి తరగతిలో బిడ్డ భాషలో చదువు, క్రమముగా తెలుగు పాలు పెంచుట, తుదకు తెలుగులో నిలుపుట. మాతృభాష తెలుగునకు అడ్డుగోడ కాదు, నిచ్చెన.

చేతితో చెప్పు భాష

ఇక స్టేషనులోని ఆ యువకుల భాషకు వత్తము. దీనిని గూర్చి ప్రజలలో మూడు అపోహలు గలవు.

మొదటిది, సంజ్ఞాభాష లోకమంతటను ఒక్కటే యని. అది నిజము కాదు. అమెరికా, బ్రిటను దేశములు రెండింటను మాటలాడునది ఇంగ్లీషే. కాని అచ్చటి బధిరుల సంజ్ఞాభాషలు వేర్వేరు. మనకు భారతీయ సంజ్ఞాభాష కలదు. ప్రాంతమునుబట్టి కొన్ని సంజ్ఞలు మారినను దాని వ్యాకరణము దేశమంతటను చాలవరకు ఒక్కటే. గోపాలపట్నపు బధిరుడు ఢిల్లీ పోయి అచ్చటి బధిరునితో ముచ్చటించగలడు. మనలో ఎందరము హిందీలో అట్లు చేయగలము?

రెండవది, అది తెలుగునే చేతులతో చూపుట యని. అదియు నిజము కాదు. దానికి తనదైన పదక్రమము కలదు. ప్రశ్నార్థకపు సంజ్ఞ వాక్యాంతమున వచ్చును. కనుబొమల కదలికతో ప్రశ్నను, తల త్రిప్పుటతో నిషేధమును తెలుపుదురు. మనుష్యులను, స్థలములను గాలిలో ఒక్కొక తావున నిలిపి, ఆ తావును చూపుచు కథ నడుపుదురు. మనము స్వరముతో చేయు పనిని వారు ముఖముతో చేయుదురు.

మూడవది, సంజ్ఞలు నేర్పిన బిడ్డకు మాట రాదని. ఇది అన్నింటికంటె హానికరమైన అపోహ. వినికిడి లేని పిల్లలలో అత్యధికులు వినగల తలిదండ్రులకు పుట్టినవారే. ఇంటివారికి సంజ్ఞాభాష తెలియదు. బిడ్డకు తెలుగు వినబడదు. కూడు, నీరు, నిద్ర అను నాలుగు సైగలతో ఏండ్లు గడచిపోవును. పసితనమున ఏ భాషయు పూర్తిగా అందని బిడ్డకు పిదప ఏ చదువైనను కష్టమే. లోపము చెవిలో నున్నది గాని బుద్ధిలో లేదు. భాష అందింపక మనమే బుద్ధికి కొరత కలిగించుచున్నాము.

కర్ణాటకమునందు అలీపూర్ అను గ్రామము కలదు. అచ్చట పుట్టుకతో వినికిడి లేనివారు నూటికి పైగా ఉన్నందున ఆ ఊరికే ప్రత్యేకమైన సంజ్ఞాభాష ఏర్పడినది. వినగలవారిలోను పలువురు దానిని నేర్చిరి. దుకాణమున, పొలమున బధిరుడు పరాయివాడు కాడు. చెవులు బాగుచేయక పోయినను ఊరు బాగుపడవచ్చునని ఆ గ్రామము తెలుపుచున్నది.

2011 లెక్కల ప్రకారము దేశమున వినికిడి లోపము గలవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. వీరందరును సంజ్ఞాభాష వాడువారు కారు. వృద్ధాప్యముచే వినికిడి తగ్గినవారును ఇందు గలరు. మరి సంజ్ఞాభాష వాడువారు ఎందరు? భాషల పట్టికలో ఈ జవాబు దొరకదు. ఏలయన, మాట రాని బధిరుని విషయమున తల్లి మాటలాడు భాషనే మాతృభాషగా వ్రాయవలెనని ఆ లెక్కల నిబంధన. జన్మమున ఒక్క తెలుగు మాటయు వినని మనిషి తెలుగువాడుగా లెక్కకు వచ్చెను; అతడు దినమెల్ల వాడు భాష లెక్కకు రాలేదు.

ఇటీవల మంచి మార్పులు కొన్ని జరిగినవి. 2015లో న్యూఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రము స్థాపింపబడినది. 2018లో 3,000 మాటలతో వెలువడిన దాని నిఘంటువు 2021 నాటికి 10,000 మాటలకు పెరిగినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము విద్యలో సంజ్ఞాభాష వాడుకను ప్రోత్సహించుట ప్రభుత్వముల, స్థానికాధికారుల విధిగా పేర్కొన్నది. భారతీయ సంజ్ఞాభాష పాఠశాలలో ఒక భాషావిషయముగా ఉండునని 2021లో ప్రకటింపబడినది. సెప్టెంబరు 23ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ సంజ్ఞాభాషా దినోత్సవముగా ప్రకటించినది.

ఆపదవేళ

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినది. 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నమునకు చేరువనున్న ఆర్. ఆర్. వెంకటాపురమున రసాయన కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఇట్టి ఘడియలలో మైకు, సైరను, ఫోను, పొరుగువాని కేక — అన్నియు చెవికి సంబంధించినవే. వినలేనివాడు నిద్రలో నున్నాడు. వేరొక రాష్ట్రపు కూలీకి కేక వినబడినను అర్థము కాదు. వారి ఇంటి తలుపు తట్టి, లోనికి పోయి, చేయి పట్టి లేపవలసినవారెవరో ముందే నిర్ణయించి యుంచిన ఊరు ధన్యము. ఆపద వచ్చిన పిదప నిర్ణయించుటకు వేళ యుండదు.

పంచాయతీ చేయదగిన పనులు

1. ఊరిలో ఏ ఇంట ఏ భాష మాటలాడుదురో, వినికిడి లేనివారు ఏ ఇంట ఉన్నారో ఒక పుస్తకమున వ్రాసి యుంచవలెను. వలస వచ్చిన కుటుంబములను మరువరాదు.

2. వేరు భాష మాటలాడువారున్న ఊరిలో గ్రామసభ తీర్మానములను ఆ భాషలో చదివి వినిపింపవలెను. ఇందుకు ఆ ఇండ్లలోని చదువుకొన్న యువతీయువకుల సాయము తీసికొనవచ్చును.

3. పేరు పిలిచినను పలుకని పసిబిడ్డను అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త వెంటనే వైద్యునికి చూపించునట్లు చూడవలెను. యంత్రము పెట్టించినను పెట్టింపకున్నను సంజ్ఞాభాష నేర్పుటకు తలిదండ్రులను ప్రోత్సహింపవలెను.

4. వినలేనివారు ఆఫీసునకు వచ్చినపుడు వెంటవచ్చిన బంధువుతోనే మాటలాడి పంపరాదు. చదువు వచ్చినవారైన కాగితముపై వ్రాసి చూపుడు. రానివారైన సంజ్ఞలు తెలిసిన మిత్రుని పిలిపింపుడు. సంతకమో వేలిముద్రయో పెట్టునది ఆ వ్యక్తి. విషయము తెలియవలసినదియు ఆ వ్యక్తికే.

5. తుపాను, అగ్నిప్రమాదముల వేళ వారిని లేపుటకు ప్రతి వీధిలో ఇద్దరిని నియమింపవలెను.

6. 2027 మార్చి 1ని ఆధారదినముగా గ్రహించి జనాభా లెక్కలు జరుపబడునని 2025 జూన్‌లో కేంద్రప్రభుత్వము ప్రకటించినది. లెక్కల ఉద్యోగి మాతృభాషను అడిగినపుడు, గౌరవమునకో జంకునకో "తెలుగే వ్రాయండి" అని గిరిజన సోదరులు చెప్పకుండునట్లు, తమ భాష పేరునే తెలుపునట్లు సభ్యులు ముందుగా చెప్పి యుంచవలెను. లెక్కకెక్కని భాషకు వాచకము అచ్చుకాదు.

ఇందు వ్యయముతో కూడిన పని చాల తక్కువ. కావలసినది ఒక పుస్తకము, ఒక కలము, కొంచెము ఓపిక.

ఆనాడు స్టేషనులో బండి వచ్చిన ప్రకటన మైకులో వినబడినది. అందరమును లేచితిమి. ఆ యువకులు మాత్రము మాటలలో మునిగి యుండిరి. కూరగాయల గంపతో పోవుచున్న స్త్రీ ఒకతె వారి యెదుట నిలిచి, బండి వచ్చు దిక్కును చేతితో చూపినది. వారు నవ్వి, నమస్కరించి, పరుగున వచ్చి పెట్టె యెక్కిరి. ఆమెకు సంజ్ఞాభాష రాదు. కాని వారికి వినబడలేదని గమనించినది. పంచాయతీ పని అచ్చటినుండియే ఆరంభమగును.